నోటిలో ఉన్న దంత ఇంప్లాంట్ ఏ కంపెనీదో ఆకృతిని బట్టి గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంప్లాంట్ ఏ కంపెనీదో తెలుసుకోవలసిన అవసరం ఎందుకు వస్తుంది?

పన్ను వేరుకు బదులుగా దవడ ఎముకలో దించిన ఇంప్లాంట్ గట్టిగానే ఉండి, దాని మీద బిగించిన భాగాలు మాత్రమే పాడైన సందర్భాలు చాలా ఉంటాయి. క్యాప్ మీది పింగాణీ విరుగుతుంది, లోపలి స్క్రూ వదులవుతుంది లేదా తెగిపోతుంది, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లకు పట్టునిచ్చే రింగు అరిగిపోతుంది. వీటిలో ఏది మార్చాలన్నా ఆ ఇంప్లాంట్ పైభాగానికి అమరే విడిభాగమే కావాలి. ఇంప్లాంట్ పెట్టిన వైద్యుడి దగ్గరికే తిరిగి వెళ్లగలిగితే ఈ ప్రశ్న తలెత్తదు. అయితే క్లినిక్ మూతపడటం, వైద్యుడు మరో ఊరికి మారడం, రోగే మరో దేశానికి వెళ్లిపోవడం మామూలే. సెలవులకు హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చినప్పుడు ఇంప్లాంట్ పెట్టించుకుని అమెరికాకు తిరిగి వెళ్లిన తెలుగువారికీ, అక్కడ పెట్టించుకుని వచ్చి ఇక్కడ క్యాప్ ఊడిన పెద్దలకూ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

ఈ పుట ప్రధానంగా దంతవైద్యుల కోసం, దంత ల్యాబ్‌లలో పనిచేసేవారి కోసం రాసింది. రోగులకు నేరుగా ఉపయోగపడే సమాధానాలు చివరి భాగంలో ఉన్నాయి.

ఎక్స్-రే ఒక్కటి చూసి ఇంప్లాంట్‌ను కచ్చితంగా చెప్పవచ్చా?

కొన్నింటిని చెప్పవచ్చు, ఎక్కువవాటిని చెప్పలేము. ఎక్స్-రేలో కనిపించేది ఇంప్లాంట్ పక్క నుంచి చూసిన నీడ. ఇంప్లాంట్ ఒంటి చుట్టూ స్క్రూలా తిరిగే మరల ఆకారం, మెడ, కింది కొస ఆ నీడలో బాగా తెలుస్తాయి కాబట్టి వందల రకాలలోంచి నాలుగైదు రకాల దాకా రాగలము. ఆ నాలుగైదింటిలో ఏదన్నది తేల్చేది పైభాగంలోని కనెక్షన్, అంటే ఇంప్లాంట్‌కూ క్యాప్‌కూ మధ్య ఉండే అబట్‌మెంట్ అనే భాగం వచ్చి కూర్చునే చోటు. దానిని పై నుంచి చూడాలి, కొలవాలి, సరైన భాగం పెట్టి అమరికను పరీక్షించాలి. ఎక్స్-రేతో వడపోత, కనెక్షన్‌తో నిర్ధారణ అనే వరుసను తిరగేసిన చోటే తప్పుడు స్క్రూలు బిగుస్తాయి.

గుర్తింపునకు ఎలాంటి ఎక్స్-రే తీయాలి?

దంతవైద్యులు ఆర్‌వీజీ అని పిలిచే చిన్న డిజిటల్ ఎక్స్-రేను ప్యారలలింగ్ పద్ధతిలో తీయడం అన్నిటికంటే మేలు. సెన్సర్ ఇంప్లాంట్‌కు సమాంతరంగా ఉండాలి, కిరణం ఇంప్లాంట్ పొడవుకు లంబంగా పడాలి. సరిగా వచ్చిందో లేదో మరలే చెబుతాయి: ఇంప్లాంట్ రెండు వైపులా మరల అంచులు పదునుగా, విడివిడిగా కనిపిస్తే కోణం సరిపోయినట్లు. ఒక వైపు పదునుగా, మరో వైపు అలుక్కుపోయినట్లు ఉంటే కిరణం పై నుంచో కింది నుంచో వాలుగా పడింది. ఆ వాలు సుమారు 10 డిగ్రీలు దాటేసరికి మరలు ఒకదానిమీద ఒకటి పడి, పొడవు మారి, కనెక్షన్ దగ్గరి సన్నని గీత మాయమవుతుంది. అలాంటి చిత్రం పట్టుకుని కంపెనీ పేరు ఊహించడం కంటే మళ్లీ తీయడం తక్కువ శ్రమ.

ముందుకూ వెనక్కూ జరిగే అడ్డపు కోణం అంత హాని చేయదు, ఎందుకంటే ఇంప్లాంట్ చాలావరకు గుండ్రటి వస్తువు. పైగా కొస దగ్గరి రంధ్రాలు, గాడులు ఒక కోణంలో కనిపించక మరో కోణంలో కనిపిస్తాయి. అందువల్ల అడ్డపు కోణం కొంచెం మార్చి రెండో చిత్రం తీయడం మంచి అలవాటు.

ఓపీజీ అనే పెద్ద ఎక్స్-రే దవడ మొత్తాన్ని చూపిస్తుంది కానీ వస్తువును సుమారు 20 నుంచి 30 శాతం పెద్దదిగా చూపుతుంది. ఆ పెంపు యంత్రాన్ని బట్టీ, నోటిలోని చోటును బట్టీ మారుతుంది. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ పొడవును నమ్మకంగా ఇస్తుంది, కానీ లోహం చుట్టూ ఏర్పడే చారలలో మరల సన్నని వివరాలు పోతాయి. ఇంప్లాంట్‌ను గుర్తించడం కోసమే సీబీసీటీ తీయించడం సమర్థనీయం కాదు.

చిత్రం బాగా వచ్చిన తర్వాత దేనిని ముందు చూడాలి?

మొదట అది ఒకే ముక్కా, రెండు ముక్కలా అని చూడాలి. ఎముకలోని భాగానికీ పైన నిలిచిన భాగానికీ మధ్య అతుకు గీత లేకపోతే అది వన్-పీస్ ఇంప్లాంట్ కావచ్చు. అతుకు ఉంటే అది ఎక్కడ ఉందో చూడాలి: ఎముక అంచు దగ్గరా, చిగురు ఎత్తులోనా? తర్వాత ఒంటి ఆకారం: మరలున్నాయా, లేక నున్నటి స్తంభమా? పక్క గోడలు సమాంతరంగా ఉన్నాయా, కిందికి సన్నబడుతున్నాయా? ఆ తర్వాత మెడ, చివరగా కొస. ఏ కంపెనీదై ఉంటుందోనని ఒక పేరు మనసులో పెట్టుకుని దానికి సాక్ష్యం వెతకడం కంటే, ఏవి కావో ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోవడం సురక్షితం. తమ క్లినిక్‌లో రోజూ వాడే కంపెనీ ఇంప్లాంట్‌లాగే ప్రతిదీ కనిపించడం ఈ పనిలో సర్వసాధారణమైన పొరపాటు.

ఎక్స్‌టర్నల్ హెక్స్ అంటే ఏమిటి? దానిని ఎలా పోల్చుకోవాలి?

ఇంప్లాంట్ పైతలం మీద ఆరు పలకల చిన్న గుబ్బ పైకి పొడుచుకుని ఉంటే అది ఎక్స్‌టర్నల్ హెక్స్. స్వీడన్‌కు చెందిన పర్-ఇంగ్వర్ బ్రానెమార్క్ 1965లో తొలి రోగికి టైటానియం ఇంప్లాంట్లు అమర్చిన తర్వాత రూపొందిన వ్యవస్థలో ఈ గుబ్బ ఎత్తు 0.7 మి.మీ., ఎదురెదురు పలకల మధ్య వెడల్పు 2.7 మి.మీ., అది నిలిచిన పైతలం వ్యాసం 4.1 మి.మీ. ఇంప్లాంట్‌ను ఎముకలోకి తిప్పి దించేటప్పుడు పట్టు కోసం దీనిని పెట్టారు. అప్పట్లో దవడ మొత్తానికి ఐదారు ఇంప్లాంట్లు వేసి వాటన్నిటి మీదా ఒకే బ్రిడ్జి బిగించేవారు కాబట్టి అబట్‌మెంట్ తిరిగిపోతుందన్న బెడద లేదు. ఒంటి పన్నుకు ఇంప్లాంట్ పెట్టడం మొదలయ్యాక, 0.7 మి.మీ. గుబ్బ మీద భారమంతా పడి స్క్రూలు వదులవడం తరచుగా కనిపించింది. వదులైన స్క్రూతో వచ్చిన పాత ఇంప్లాంట్‌ను చూసినప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

ఎక్స్-రేలో దీని పైతలం బల్లపరుపుగా, నేరుగా కోసినట్లు ఉంటుంది. ఇంప్లాంట్‌ను తాత్కాలికంగా మూసే కవర్ స్క్రూ లేదా హీలింగ్ క్యాప్ ఉన్నప్పుడు దాని లోపల గుబ్బ నీడ చిన్న దీర్ఘచతురస్రంలా పైకి నిలిచి కనిపిస్తుంది. ఇదే కొలతతో త్రీ-ఐ, కొరియాకు చెందిన ఆస్టెమ్ వారి యూఎస్ రకం, ఇంకా ఎన్నో కంపెనీలు ఇంప్లాంట్లు తయారు చేశాయి. కాబట్టి 4.1 మి.మీ. ఎక్స్‌టర్నల్ హెక్స్ అని తేలితే కంపెనీ పేరు తేలకపోయినా చాలావరకు పని నడుస్తుంది. అయితే స్క్రూ మర ఒకటేనా కాదా అన్నది విడిగా సరిచూసుకోవాలి.

ఇంటర్నల్ కనెక్షన్‌లలో రకాలు ఏవి?

ఇక్కడే అసలు చిక్కంతా ఉంది. అబట్‌మెంట్ ఇంప్లాంట్ లోపలికి దిగే పద్ధతిని అమెరికాలో జెరాల్డ్ నిజ్నిక్ 1980లలో స్క్రూ-వెంట్ అనే ఇంప్లాంట్‌తో విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. దానిలో పై అంచు 45 డిగ్రీల వాలుతో లోపలికి వంగి, ఆ కింద ఆరు పలకల గుంత ఉంటుంది. తర్వాత జిమ్మర్ ట్యాపర్డ్ స్క్రూ-వెంట్, బయోహొరైజన్స్, ఇంప్లాంట్ డైరెక్ట్ వారి కొన్ని రకాలు, ఇజ్రాయెల్‌కు చెందిన ఆల్ఫా-బయో, ఆడిన్, ఎంఐఎస్ సెవెన్ వంటివి ఈ దారిలోనే నడిచాయి. వీటిలో సాధారణ సైజు హెక్స్ వెడల్పు 2.4 నుంచి 2.5 మి.మీ. మధ్య ఉంటుంది. పదో వంతు మిల్లీమీటరు తేడాను చేయి పట్టలేదు గానీ, నమలడం మొదలుపెట్టిన కొన్ని నెలలకు వదులయ్యే స్క్రూ పట్టిస్తుంది.

రెండోది మూడు గాడుల పద్ధతి. నోబెల్ బయోకేర్ కంపెనీ వారి నోబెల్ రీప్లేస్‌లో లోపలి రంధ్రం మూడు రెక్కల ఆకారంలో ఉంటుంది. జర్మనీకి చెందిన క్యామ్‌లాగ్‌లో కూడా గొట్టంలో మూడు గాడులే ఉంటాయి, కానీ అవి సన్నగా, చతురస్రపు కోతల్లా ఉంటాయి. నోటిలోకి చూస్తూ తొందరపడితే ఈ రెండింటినీ తారుమారు చేసే వీలుంది.

మూడోది స్విట్జర్లాండ్‌కు చెందిన స్ట్రామన్ టిష్యూ లెవెల్: 8 డిగ్రీల శంకువు, దానిలో ఎనిమిది పలకల అమరిక. నాలుగోది లోతైన శంకువు పద్ధతి. ఆస్ట్రా టెక్‌లో 11 డిగ్రీలు, స్ట్రామన్ బోన్ లెవెల్‌లో 15 డిగ్రీలతో పాటు నాలుగు గాడులు, నోబెల్ యాక్టివ్‌లో 12 డిగ్రీలతో పాటు లోపల హెక్స్ ఉంటాయి. ఆస్టెమ్ టీఎస్ రకంలో కూడా 11 డిగ్రీల శంకువూ, సాధారణ సైజులో 2.5 మి.మీ. హెక్స్ ఉంటాయి. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. 45 డిగ్రీల అంచున్న ఇజ్రాయెలీ తరహా ఇంప్లాంట్‌లోనూ, 11 డిగ్రీల శంకువున్న ఆస్టెమ్‌లోనూ హెక్స్ వెడల్పు దాదాపు ఒకటే కావడంతో ఒకదాని భాగం మరొకదానిలో సగం దిగి, అమరినట్లే అనిపిస్తుంది. ఎక్స్-రే తీస్తే అంచు దగ్గర సన్నని నల్లటి సందు కనిపిస్తుంది. హెక్స్ కొలత సరిపోయిందని సంతోషించి ఎక్స్-రే మానేయడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి తెలుస్తుంది.

త్రీ-ఐ సర్టెన్‌లో ఆరు పలకల హెక్స్ కింద పన్నెండు మూలల అమరిక ఉండి, భాగం సరిగా దిగినప్పుడు చిన్న క్లిక్ చప్పుడు వినిపిస్తుంది. చెవికి దొరికే ఆధారం ఇదొక్కటే.

మెడ భాగం ఏమి చెబుతుంది?

మెడ చాలా చెబుతుంది. బాకా నోరులా పైకి విచ్చుకున్న నున్నటి మెడ, ఆ కింద దూరదూరంగా మరలు, అతుకు గీత ఎముకకు బాగా పైన ఉంటే స్ట్రామన్ టిష్యూ లెవెల్ వైపు చూడాలి. దాని నున్నటి మెడ ఎత్తు 1.8 లేదా 2.8 మి.మీ., సాధారణ సైజు పైతలం వ్యాసం 4.8 మి.మీ. అయితే ఆస్టెమ్ వారి ఎస్ఎస్ రకమూ 8 డిగ్రీలు, ఎనిమిది పలకలతో ఇదే తరహాలో ఉంటుంది.

మెడ మీద అతి సన్నని మరలు, కింద పెద్ద మరలు ఉంటే ఒకప్పుడు ఆస్ట్రా టెక్ అని ధైర్యంగా చెప్పగలిగేవారు. ఇప్పుడు కొరియా కంపెనీల ఇంప్లాంట్‌లలో కూడా సన్న మరల మెడ ఉంటోంది కాబట్టి ఇది ఆధారమే తప్ప రుజువు కాదు. మెడ పైకి పోతున్న కొద్దీ లోపలికి సన్నబడితే నోబెల్ యాక్టివ్‌ను పరిశీలించాలి. దానిలో మరలు వెడల్పుగా, లోతుగా ఉండి కొస పదునుగా ముగుస్తుంది. బయోహొరైజన్స్ లేజర్-లాక్ మెడ మీది గీతలు మైక్రోమీటర్ల కొలతలోవి, ఎక్స్-రేలో కనిపించవు.

ఇంప్లాంట్ కంటే అబట్‌మెంట్ సన్నగా ఉండి మెట్టులా కనిపిస్తే దానిని ప్లాట్‌ఫామ్ స్విచింగ్ అంటారు. త్రీ-ఐ వెడల్పాటి ఇంప్లాంట్‌ల మీద 4.1 మి.మీ. అబట్‌మెంట్లు వాడినప్పుడు ఎముక తరుగుదల తక్కువగా కనిపించడంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. శంకువు కనెక్షన్‌లు దాదాపు అన్నీ ఇలాగే కనిపిస్తాయి.

మరలను లెక్కపెట్టడం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది, కానీ మిల్లీమీటర్లలో కాకుండా నిష్పత్తిలో. ఎక్స్-రే ఎంత పెంచి చూపినా ఒక మర నుంచి తర్వాతి మరకున్న దూరమూ, ఇంప్లాంట్ వెడల్పూ దాదాపు ఒకే మేరకు పెరుగుతాయి. కాబట్టి మొదటిదానిని రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్య చిత్రం పెంపు మీద ఆధారపడదు. బ్రానెమార్క్ 3.75 మి.మీ. ఇంప్లాంట్‌లో మరల దూరం 0.6 మి.మీ., అంటే నిష్పత్తి 0.16. స్ట్రామన్ 4.1 మి.మీ. టిష్యూ లెవెల్‌లో మరల దూరం 1.25 మి.మీ., నిష్పత్తి 0.30. వాలుగా తీసిన ఓపీజీలో కూడా ఇంత తేడా దాగదు. ఒక్క మరను కాకుండా ఐదు మరల దూరం కొలిచి ఐదుతో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది.

మర ఆకారం కూడా చూడాలి. త్రిభుజాకారమా, చతురస్రమా, ఒక వైపు వాలిన రంపపు పళ్లలా ఉందా? యాంకిలోస్ అనే ఇంప్లాంట్‌లో కిందికి పోయేకొద్దీ మరల లోతు పెరుగుతుంది. ఇలా చేసిన ఉద్దేశం, పైన ఉన్న గట్టి ఎముక మీద భారం తగ్గించి కిందనున్న మెత్తటి ఎముకకు పంచడం. ఎముక అంచు దగ్గర దాదాపు నున్నగా, కొస దగ్గర లోతైన మరలతో, పైన బాగా సన్నని అబట్‌మెంట్ మెడతో ఉన్న నీడ కనిపిస్తే దానిని తప్పక పరిశీలించాలి.

చూడగానే గుర్తుపట్టగలిగే ఇంప్లాంట్లు ఏవైనా ఉన్నాయా?

బైకాన్ అనే ఇంప్లాంట్‌ను ఒకసారి చూసినవారు మరచిపోరు. దానికి మరలు ఉండవు. ఒకదానికింద ఒకటి విడివిడి పళ్లేల్లాంటి రెక్కలు, పైన వాలుగా దిగిన భుజాలు, పొట్టి ఒళ్లు దాని లక్షణాలు. అబట్‌మెంట్‌కు స్క్రూ ఉండదు, తట్టి దించిన శంకువు రాపిడితోనే నిలుస్తుంది. స్క్రూ రంధ్రం కోసం క్యాప్‌ను తవ్వుకుంటూ పోయే ముందు ఈ ఒక్క సంగతి గుర్తుకొస్తే రోగికి మేలు.

పాత తరం ఇంప్లాంట్లు కూడా సులువే. లెనార్డ్ లింకో 1960లలో ప్రచారంలోకి తెచ్చిన బ్లేడు ఇంప్లాంట్ కిటికీలున్న సన్నని రేకులా కనిపిస్తుంది. కోర్-వెంట్ కింది సగం బోలుగా, రంధ్రాలతో బుట్టలా ఉంటుంది. ఐటీఐ అనే ఇంప్లాంట్ వ్యవస్థ తొలినాళ్ల బోలు స్తంభాలకూ గోడల్లో రంధ్రాలే ఉండేవి, కానీ వాటి మెడ ఎముకకు పైన నిలిచి ఉంటుంది. ఐఎంజెడ్ మరలు లేని టైటానియం స్తంభం. ఫ్రియాలిట్-2 మెట్లు మెట్లుగా సన్నబడుతుంది. చెంప ఎముక దాకా పోయే జైగోమాటిక్ ఇంప్లాంట్‌ను 30 నుంచి 50 మి.మీ. పైబడిన పొడవే పట్టిస్తుంది. ఇలాంటి పాత ఇంప్లాంట్లు మన దగ్గర విదేశాల్లో చాలాకాలం ఉండి వచ్చినవారిలో కనిపించే అవకాశం ఎక్కువ.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎక్కువగా ప్రచారమవుతున్న బేసల్ ఇంప్లాంట్‌లను ఎలా గుర్తించాలి?

ఇవి ఎక్కువగా వన్-పీస్ ఇంప్లాంట్లు. సన్నని నున్నటి కాడ, కొస దగ్గర మాత్రమే వెడల్పాటి మరలు, కొస ముక్కు అడుగు ఎముకలోకో కింది దవడ అవతలి గట్టి పొరలోకో దిగి ఉండటం, దవడ నిండా ఎనిమిది పది ఇంప్లాంట్లు వేర్వేరు కోణాల్లో వాలి ఉండటం, కొన్నిచోట్ల కాడ వంచినట్లు కనిపించడం వీటి గుర్తులు. అతుకు లేదు, లోపల స్క్రూ లేదు. క్యాప్ లేదా బ్రిడ్జిని సిమెంటుతో అతికిస్తారు. అందువల్ల బ్రిడ్జి మార్చాలన్నా కంపెనీ పేరుతో పెద్దగా పని ఉండదు, తల భాగానికి కొలత తీసుకుంటే చాలు. గుర్తింపు సమస్య లేనంత మాత్రాన వీటికి వేరే సమస్యలు లేవని కాదు, కానీ ఆ చర్చ ఈ పుటలోకి రాదు.

కంపెనీ పేరు తెలిసింది. అయినా విడిభాగం అమరడం లేదు. ఎందుకు?

కంపెనీ పేరు సగం సమాచారమే. నోబెల్ బయోకేర్ అన్న పేరు కింద ఎక్స్‌టర్నల్ హెక్స్, మూడు గాడులు, శంకువు అనే మూడు వేర్వేరు కనెక్షన్‌లు ఉన్నాయి. స్ట్రామన్‌లో టిష్యూ లెవెల్, 2007లో వచ్చిన బోన్ లెవెల్, ఆ తర్వాతి బీఎల్‌ఎక్స్ ఒకదానికొకటి సరిపడవు. ఆస్ట్రా టెక్ పాత టీఎక్స్ భాగాలు తర్వాతి ఈవీ రకంలో పనికిరావు. వీటన్నిటిలోనూ మళ్లీ సన్న, సాధారణ, వెడల్పు సైజులున్నాయి. కాబట్టి కావలసింది కంపెనీ, రకం, పైతలం సైజు అనే మూడు ముక్కలూ కలిసిన పేరు.

కంపెనీలు చేతులు మారడం మరో కారణం. మూడు గాడుల రీప్లేస్ స్టెరీ-ఆస్ నుంచి వచ్చింది. ఆ కంపెనీని నోబెల్ బయోకేర్ 1998లో కొన్నది. ఆస్ట్రా టెక్ 2011లో డెంట్‌స్ప్లై చేతికి వెళ్లింది. జిమ్మర్, బయోమెట్ 2015లో కలిశాయి, వాటి దంత విభాగం 2022 నుంచి జిమ్‌వీ పేరుతో నడుస్తోంది. పాత కాగితం మీద ఉన్న పేరుతో నేడు ఏ దుకాణంలోనూ ఏదీ దొరకకపోవచ్చు, భాగం మాత్రం కొత్త పేరుతో దొరుకుతూ ఉండవచ్చు.

లోపలి రంగును బట్టి కంపెనీని చెప్పవచ్చా?

రంగుతో కంపెనీని చెప్పకూడదు. కంపెనీ తెలిసిన తర్వాత సైజు చెప్పడానికే రంగు పనికొస్తుంది. నోబెల్ రీప్లేస్‌లో పసుపు అంటే 4.3 మి.మీ. సాధారణ సైజు, స్ట్రామన్‌లో పసుపు అంటే 3.3 మి.మీ. సన్న ఇంప్లాంట్. జిమ్మర్‌లో ఆకుపచ్చ 3.5 మి.మీ. పైతలానిది, అదే తరహా కనెక్షన్ ఉన్న బయోహొరైజన్స్‌లో ఆకుపచ్చ 4.5 మి.మీ.ది. పైగా ఆ పూత నోటిలో కాలక్రమేణా వెలిసిపోతుంది.

స్క్రూ విప్పి చూసేటప్పుడు ఏ వరుసలో వెళ్లాలి?

ముందు స్క్రూ తల ఆకారం చూడాలి. ఆరు పలకల తల అయితే 1.2 నుంచి 1.27 మి.మీ. డ్రైవర్లు చాలా కంపెనీలకు దగ్గరగా సరిపోతాయి, అందుకే దానితో ఏమీ తేలదు. నక్షత్రాకారపు తల ఉంటే స్ట్రామన్ ఎస్‌సీఎస్ వైపు, నోబెల్ యూనిగ్రిప్ వైపు చూడాలి. దగ్గరగా సరిపోయే డ్రైవర్‌తో బలంగా తిప్పితే తల అరిగిపోయి, సులువైన పని గంటల పనిగా మారుతుంది. కొంచెం వదులుగా అనిపించినా ఆపి, తర్వాతి సైజు ప్రయత్నించాలి.

స్క్రూ బయటికి వచ్చాక దానిని పారేయకూడదు. మర వ్యాసం, పొడవు, మరలేని భాగం పొడవు కొలవాలి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. మిల్లీమీటరు మరలున్నవి ఎక్కువ. స్క్రూ-వెంట్ సంతతిలో మాత్రం 1-72 యూఎన్‌ఎఫ్ అనే అంగుళాల లెక్క మర ఉంటుంది, దాని వ్యాసం సుమారు 1.85 మి.మీ. దగ్గరి కొలతలున్న మరో స్క్రూ మొదటి రెండు చుట్లు తిరిగి ఆ తర్వాత బిగుసుకుంటే అది సరైన స్క్రూ కాదు. అక్కడితో ఆగకపోతే పాడయ్యేది మార్చగలిగే స్క్రూ కాదు, మార్చలేని ఇంప్లాంట్ లోపలి మర.

తర్వాత కనెక్షన్‌ను శుభ్రం చేసి, గాలితో ఆరబెట్టి, పై నుంచి పెద్దది చేసి ఫొటో తీయాలి. అనుమానించిన రకం తాలూకు ఇంప్రెషన్ కోపింగ్ (కొలత తీసుకోవడానికి వాడే భాగం) పెట్టి చేత్తో మాత్రమే బిగించి, అంచు దగ్గర సందు లేదని ఎక్స్-రేతో చూడాలి. ఊగకూడదు, తిరగకూడదు, సందు ఉండకూడదు. ఈ మూడూ సరిపోయినప్పుడే ల్యాబ్‌కు పని పంపాలి. బిగింపు బలం కూడా రకాన్ని బట్టి మారుతుంది. కొన్నింటికి 15 నుంచి 25 న్యూటన్ సెంటీమీటర్లు చాలు, జిమ్మర్ ట్యాపర్డ్ స్క్రూ-వెంట్‌కు 30, నోబెల్, స్ట్రామన్‌లలో సాధారణంగా 35.

అన్ని ఇంప్లాంట్‌లకూ సరిపోయేవని అమ్మే విడిభాగాలు వాడితే కంపెనీ తెలియకపోయినా ఫరవాలేదా?

ఎక్స్‌టర్నల్ హెక్స్‌లోనూ, స్క్రూ-వెంట్ తరహా ఇంటర్నల్ హెక్స్‌లోనూ ఇలాంటి భాగాలు నడుస్తున్నాయి. కొన్ని మంచి తయారీవే. శంకువు కనెక్షన్‌లలో మాత్రం ధైర్యం చేయకూడదు. అక్కడ అబట్‌మెంట్ ఎంత లోతుకు దిగుతుందన్నది కోణంలోని చిన్న తేడా మీద ఆధారపడుతుంది. పై అంచులోనో కింది అంచులోనో మాత్రమే ఆనుకున్న శంకువు లోపలి గోడను చీల్చే అవకాశం ఉంది. 11 డిగ్రీలని రెండు కంపెనీలు రాసుకున్నంత మాత్రాన అవి ఒకటి కావు, శంకువు పొడవూ పై వ్యాసమూ వేరుగా ఉండవచ్చు.

గుర్తింపు వెబ్‌సైట్లు, కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌లు ఎంతవరకు నమ్మదగినవి?

మెడ, మర, కొస లక్షణాలు ఎంచుకుంటూ పోతే సరిపోయే చిత్రాలు చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. 'వాట్ ఇంప్లాంట్ ఈజ్ దట్' వాటిలో బాగా తెలిసినది. ఎక్స్-రే ఇస్తే పేరు సూచించే సాఫ్ట్‌వేర్‌లూ వచ్చాయి. ఇవి తమకు నేర్పిన ఇంప్లాంట్‌లనే గుర్తించగలవు. నేర్పని చిన్న కంపెనీ ఇంప్లాంట్ చూపిస్తే, తెలిసినవాటిలో దానికి దగ్గరగా ఉన్న పేరునే నమ్మకంగా చెబుతాయి. మన దగ్గర వాడకంలో ఉన్న కొన్ని చవక రకాలు వాటి జాబితాలలో ఉంటాయన్న హామీ లేదు. ఇంటర్నల్ హెక్స్ నకళ్లు పక్క నుంచి దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కడ యంత్రానికీ మనిషికీ ఉన్న పరిమితి ఒకటే. పేర్ల జాబితా తెచ్చుకోవడానికి వాడుకోవచ్చు. నా అభిప్రాయంలో, మీ ప్రాంతంలో పదేళ్లుగా తిరుగుతున్న ఇంప్లాంట్ కంపెనీ ప్రతినిధికి వాట్సాప్‌లో చిత్రం పంపడం ఇంతకంటే త్వరగా ఫలిస్తుంది. ఏ క్లినిక్‌లో ఏ సంవత్సరాల్లో ఏ సరుకు అమ్మారో వారికి గుర్తుంటుంది.

రోగిగా నేను ఏ కాగితాలు అడిగి తీసుకోవాలి?

ఇంప్లాంట్ డబ్బాలో వచ్చే స్టిక్కర్ అన్నిటికంటే ముఖ్యం. దాని మీద కంపెనీ, రకం, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉంటాయి. భారతదేశంలో 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్న వైద్య పరికరాల నియమాలు, 2017 ప్రకారం ఇలాంటి పరికరాల లేబుల్ మీద తయారీదారు వివరాలు, బ్యాచ్ నంబరు ఉండాలి. ఐరోపా కూటమిలో 2021 మే 26 నుంచి అమలవుతున్న నియమాల ప్రకారం ఇంప్లాంట్ పెట్టించుకున్నవారికి ఇంప్లాంట్ కార్డు ఇవ్వవలసి ఉంటుంది. మన దగ్గర కొన్ని క్లినిక్‌లు తామే ముందుగా ఇస్తాయి, మరికొన్ని అడిగితే ఇస్తాయి. స్టిక్కర్ ఫొటోతో పాటు, అబట్‌మెంట్ అదే కంపెనీదా వేరేదా, క్యాప్ స్క్రూతో బిగించినదా సిమెంటుతో అతికించినదా అన్న రెండు మాటలు రాయించుకోవాలి. వీటిలో అబట్‌మెంట్ వివరం చాలామంది అడగరు. ఇంప్లాంట్ ఒక కంపెనీది, పైభాగం మరొక ల్యాబ్‌లో చేసినది అయినప్పుడు స్టిక్కర్ ఉన్నా స్క్రూ విషయంలో తడబడక తప్పదు.

కాగితం పోతే, ఇంప్లాంట్ పెట్టిన సంవత్సరం, ఊరు, పై పన్ను అదే రోజు పెట్టారా నెలల తర్వాత పెట్టారా అన్నవి చెప్పినా వైద్యుడికి వెతుకులాట చాలా తగ్గుతుంది.

మృతదేహాల గుర్తింపులో ఇంప్లాంట్లు ఉపయోగపడతాయా?

ఉపయోగపడతాయి. టైటానియం కరిగే ఉష్ణోగ్రత సుమారు 1,668 డిగ్రీల సెల్సియస్ కాబట్టి మామూలు అగ్నిప్రమాదంలో పింగాణీ, ప్లాస్టిక్ భాగాలు పోయినా ఇంప్లాంట్ ఆకారం మిగులుతుంది. అయితే ఆకారాన్ని బట్టి తెలిసేది రకం మాత్రమే, మనిషి కాదు. మరణానికి ముందు తీసిన ఎక్స్-రేతో స్థానాన్నీ, కోణాన్నీ, చుట్టుపక్కల పళ్లనూ పోల్చినప్పుడే గుర్తింపు నిలుస్తుంది.

ఎంత ప్రయత్నించినా గుర్తింపు కుదరకపోతే ఏమి చేయాలి?

ఇంప్లాంట్ తీసేయడం మొదటి మార్గం కాదు. పాత అబట్‌మెంట్ బాగుండి క్యాప్ మాత్రమే పాడైతే, అబట్‌మెంట్‌ను కదిలించకుండా దాని మీదనే కొలత తీసుకుని కొత్త క్యాప్ చేయవచ్చు. స్క్రూ బాగుండి అబట్‌మెంట్ పాడైతే, కనెక్షన్ లోపలి ఆకారాన్ని ముద్ర తీసి దానికి తగినట్లు అబట్‌మెంట్‌ను మిల్లింగ్ చేసి ఇచ్చే ల్యాబ్‌లు ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, అమరిక అసలు భాగమంత కచ్చితంగా రాకపోవచ్చునన్న విషయం రోగికి ముందే చెప్పాలి. స్క్రూ తెగి లోపల మిగిలి, మరలు కూడా చెడి ఉంటే, లోపల పోస్టును సిమెంటుతో నిలబెట్టి పైన క్యాప్ కట్టడం ఒక దారి. అది ఆ తర్వాత విప్పడానికి వీలుండదు. పక్కన మరో ఇంప్లాంట్ ఉండి బ్రిడ్జితో పని జరిగే చోట, ఈ ఇంప్లాంట్‌ను చిగురు కింద మూసి అలాగే వదిలేయవచ్చు. చుట్టూ చీము, కదలిక లేనప్పుడు అది ఎముకలో ఉండిపోయినా హాని లేదు. ఇవేవీ కుదరనప్పుడు వెనక్కి తిప్పి తీసే పరికరాలతో దానిని తొలగించి, ఎముక మిగిలినదాన్ని బట్టి అప్పుడే గానీ కొన్ని నెలల తర్వాత గానీ కొత్తది పెట్టాలి. కొత్త ఇంప్లాంట్ స్టిక్కర్‌ను ఒకటి క్లినిక్ ఫైలులో అంటించి, రెండోది రోగి చేతికి ఇవ్వాలి.